నూనె లేని మర్దన

అంగలకుదురులో పాలల్లో నీళ్లు కలిపే అలవాటున్నవాడు ఎవడైనా సరే, మాణిక్యమ్మ ఉండే వీధి తప్పించి చుట్టు తిరిగి పోతాడు. ఆవిడ చెంబులో వేలు ముంచి, గోటి మీద బొట్టు నిలబెట్టి చూసి, కలిపింది బావి నీళ్లో కుళాయి నీళ్లో కూడా చెప్పేస్తుందని ఊళ్లో ఒక మాట ఉంది. అందులో కొంత కోతలు ఉండొచ్చు గానీ, అనుమానం విషయంలో మాత్రం ఆవిడది పుట్టు విద్య. కందిపప్పు కొంటే నాలుగు బద్దలు నమిలి చూడాల్సిందే. గుళ్లో పూజారి ప్రసాదం పెడితే ముందు వాసన చూసి, తరవాత కళ్లకద్దుకోవాల్సిందే. చివరికి పాలవాళ్లందరితోనూ విసిగిపోయి, పెరట్లో ఒక గేదెని కట్టుకుని తన పాలు తనే పితుక్కోవడం మొదలుపెట్టింది.

ఆ గేదెకీ ఆవిడ బుద్ధే వచ్చింది. ఇంకొకరు పొదుగు మీద చెయ్యి వేస్తే చేపదు. పాలు బిగబట్టుకుని, తోక విసిరి, చెంబు తన్నేస్తుంది. మాణిక్యమ్మ వచ్చి పక్కన గొంతుక్కూర్చుని, చెయ్యి తడిచేసుకుని పొదుగుని నిమిరితేనే కాసేపటికి మనసు కరిగి పాలు దించుతుంది.

ఇంత అనుమానపు మనిషీ లోకంలో ఒక్కణ్ణి మాత్రం అనుమానించకుండా వదిలేసింది. తన భర్త సాంబశివరావుని. జంపని చక్కెర ఫ్యాక్టరీ నడిచిన రోజుల్లో ఆయన అక్కడ కాటా దగ్గర గుమాస్తా. చెరుకు బండి కాటా మీదకి ఎక్కితే ముల్లు ఎంత చూపిస్తే అంతే చెప్పేవాడు. సొంత బావమరిది బండి అయినా అంతే, ప్రెసిడెంటు గారి బండి అయినా అంతే. ‘మా ఆయన నోట అబద్ధం రాదు, వచ్చినా నాలిక మడతపడి నిలబడదు’ అని మాణిక్యమ్మ పదిమందిలో అనేది. ఆ మాట ఎగతాళిగా అన్నట్టుండేది గానీ, లోపల అదే ఆవిడ ఆస్తి. పిల్లలు లేరు వాళ్లకి. ఆ లోటుని ఒకరి మీద ఒకరు నెట్టుకోకుండా ఇన్నేళ్లూ బతికారు.

అలాంటి ఇంట్లోకి కిందటి వేసవి చివర్లో ఒక గడ్డ వచ్చింది. మాణిక్యమ్మ కుడి రొమ్ము పక్కన, ఉసిరికాయంత. గుంటూరు పెద్దాసుపత్రిలో చూపించారు, కోసి తీశారు. మత్తు దిగాక ఆవిడ అడిగిన మొదటి మాట, ‘ఏంటంటండీ అది?’

‘కొవ్వు గడ్డ,’ అన్నాడు సాంబశివరావు. ‘ఒట్టి కొవ్వు గడ్డేనంట. తీసేశారు, ఇంక బెంగలేదు.’

అదే మాట డాక్టరు చెప్పుంటే మాణిక్యమ్మ వంద ప్రశ్నలు వేసేది. కొవ్వు గడ్డకి చంకలో కూడా ఎందుకు కోశారని అడిగేది. చెప్పింది కాటా గుమాస్తా కాబట్టి కళ్లు మూసుకుని పడుకుంది.

కుట్లు ఎండాయి, ఇంటికొచ్చారు. కొన్నాళ్లకి కుడి చెయ్యి బరువెక్కడం మొదలైంది. మోచెయ్యి గుంట పూడిపోయింది, వేళ్లు ఉబ్బాయి, రవిక చెయ్యి పట్టకుండా పోయింది. గేదె దగ్గర కూర్చుంటే పిడికిలి బిగియడం లేదు. పక్కింటి కుర్రది వచ్చి ప్రయత్నించింది గానీ గేదె ఒప్పుకోలేదు. దూడకి విడిచిపెట్టేసి, పాకెట్ పాలు తెప్పించుకున్నారు. మాణిక్యమ్మ ఆ పాలతో కాచిన కాఫీ ఒక గుక్క తాగి, గ్లాసు కింద పెట్టి, కంట నీరు పెట్టుకుంది. నాకు మళ్లీ నా చెయ్యి కావాలి, అంతే, ఇంకేమీ అక్కర్లేదు అంది.

అప్పుడు గుంటూరు డాక్టర్లు జెస్సీని పంపించారు.

జెస్సీది రేపల్లె. ఆపరేషన్లు అయినవాళ్లకి మర్దన చేసి కోలుకునేలా చేసే చదువు చదివింది. రేపల్లె నుంచి వచ్చే పాసింజరు రైల్లో తెనాలిలో దిగి, ఆటో ఎక్కి వచ్చేది. ముప్ఫై దాటని పిల్ల, మెడలో సన్న గొలుసు, దానికి చిన్న సిలువ. చేతిసంచీ నిండా మెత్తటి కట్టుబట్టలు. మాణిక్యమ్మ ఆ సంచీ వంక చూసి, ఏదో లేదని కనిపెట్టింది.

‘నూనె సీసా ఏదమ్మాయ్?’

‘నూనె వాడనండి పెద్దమ్మగారూ. ఒట్టి చేతుల్తోనే చేస్తాను.’

నూనె లేకుండా మర్దనేంటి? మాణిక్యమ్మ పుట్టి బుద్ధెరిగాక వినలేదు. సరే, పోనీలే అని మంచం మీద పడుకుంది. జెస్సీ వాచిన చెయ్యి జోలికే పోలేదు. ముందు మెడ దగ్గర మొదలుపెట్టింది. ఆ తరవాత ఎడమ చంక దగ్గరికి పోయింది. ఏ జబ్బూ లేని ఎడమ చంకని పట్టుకుని, పసిపిల్ల బుగ్గ నిమిరినట్టు నిమురుతూ కూర్చుంది.

‘వాచింది ఇటు కదా అమ్మాయ్.’

‘తెలుసండి. ఆ చేతిలో నీరు చేరింది. దానికి పోయే దారి లేదు. ముందు ఇటువైపు దారి తీసిపెట్టి, తరవాత అటునుంచి ఇటు మళ్లించాలండి.’

ఇది కాలవల డిపార్టుమెంటు వాళ్లు చెప్పే కబురులా ఉంది గానీ వైద్యంలా లేదని మాణిక్యమ్మ అనుకుంది. చివరికి వాచిన చెయ్యి పట్టుకున్నప్పుడు కూడా ఆ పిల్ల నొక్కలేదు, పిసకలేదు. చర్మం మీద ఈగ వాలి లేచినట్టు చేతులు ఆడించింది. మర్దన అంటే ఎముక కదలాలి, ఒళ్లు ఎర్రబడాలి, అయ్యో అమ్మో అనాలి, అయ్యాక వేడినీళ్లు పోసుకుని ఒళ్లెరగకుండా నిద్రపోవాలి. దీన్ని మర్దన అంటే, గేదెని ఏనుగు అన్నట్టే.

పైగా చేస్తున్నంతసేపూ ఆ పిల్ల పెదాలు కదులుతున్నాయి. ప్రార్థన చేస్తుందేమో అని మాణిక్యమ్మకి అనుమానం వచ్చింది. అడిగితే మర్యాదగా ఉండదని, ఎందుకైనా మంచిదని తనూ మనసులో రామనామం అందుకుంది. ఆ విధంగా ఆ చేతికి రెండు వైపుల నుంచీ రక్షణ కుదిరింది.

మర్దన అయ్యాక జెస్సీ వేళ్ల దగ్గర నుంచి భుజం దాకా కట్టు కట్టడానికి బట్ట తీసి, మణికట్టు దగ్గర ఆగింది. అక్కడ రెండు మట్టిగాజులున్నాయి. ఆపరేషన్ రోజున కూడా నర్సులు వాటికి ప్లాస్టరు చుట్టారే తప్ప తీయలేదు.

‘ఈ చేతికి గాజులు వద్దండి పెద్దమ్మగారూ. వాపు పెరిగితే కోసుకుపోతాయి. బీపీ పట్టీ కూడా ఈ చేతికి కట్టనివ్వకండి. సూది కూడా గుచ్చనివ్వకండి. ఎప్పటికీనండి.’

మాణిక్యమ్మ ఎడమ చేత్తో ఆ గాజులు కప్పుకుంది. పక్క గదిలో మొగుడు పేపరు చదువుకుంటూ దగ్గుతున్నాడు. ఆ దగ్గు వింటూ ఈవిడ చేతి గాజులు తీయాలంట, అదీ ఎప్పటికీ. ఇంట్లో పసుపు కుంకాలతో ఉన్న ఆడదాన్ని ఆ మాట అడగడానికి నోరెలా వచ్చింది? తీయనంటే కట్టు కట్టదేమోనని, సబ్బు రాసి తీసి, ఎడమ చేతికి వేసుకుంది. జెస్సీ ఎక్కిన ఆటో మలుపు తిరిగిందో లేదో, కట్టు సడలించి, మళ్లీ సబ్బు రాసుకుని, ఆ రెండూ కుడి చేతికే ఎక్కించి పైన బట్ట చుట్టేసింది. సాంబశివరావుకి ఆ సంగతి తెలియదు. ఆయన ఆయుష్షు కోసం చేసిన పని ఆయనకి చెప్పడమెందుకని ఆవిడ చెప్పలేదు. జెస్సీ వచ్చే ముందు తీయడం, పోయాక వేసుకోవడం, అదొక నిత్యవ్రతమైంది.

అప్పటినుంచి జెస్సీ మీద నిఘా మొదలైంది. ఆ పిల్ల కన్ను బంగారం మీద ఉందేమో అనుకుంది మాణిక్యమ్మ. పరీక్షించడానికి బంగారు గాజుల జత దిండు పక్కన వదిలేసి నిద్ర నటించింది. జెస్సీ వాటిని రుమాల్లో కట్టి, సాంబశివరావుని పిలిచి, ‘బాబాయిగారూ, ఇవి బీరువాలో పెట్టండి’ అని ఇచ్చేసింది. వేరేవాళ్లయితే అనుమానం తీరేది. మాణిక్యమ్మకి పెరిగింది. చిన్నది వదిలేసిందంటే పెద్దదేదో చూసుకుందన్నమాట.

ఇంకో రోజు సూటిగానే అడిగింది. ‘అమ్మాయ్, కొవ్వు గడ్డలు తీసినవాళ్లందరికీ ఇట్లాగే చేస్తావా?’

జెస్సీ చేతులు ఒక్క క్షణం ఆగాయి. ‘చెయ్యి వాచినవాళ్లందరికీ చేస్తానండి.’

అడిగినదానికి జవాబు అది కాదు. మాణిక్యమ్మ ఆ మాటని కందిపప్పు బద్దలాగా పంటికింద పెట్టుకుని నమిలింది. ఏదో రాయి తగిలింది, ఏంటో తెలియలేదు.

వాపు మాత్రం కొంచెం తగ్గింది. మోచెయ్యి గుంట మళ్లీ కనిపించింది. కానీ మాణిక్యమ్మ ఆ తగ్గుదలని తను వేసుకుంటున్న బిళ్లల ఖాతాలో వేసింది. జెస్సీకి అది చాలలేదు. చెయ్యి తల మీదకి ఎత్తమనేది. భుజం దగ్గర నరం పట్టి లాగినట్టుండేది. ఇంకొంచెం, ఇంకొంచెం అనేది. తల మీదకి ఎత్తి నేనేం గాలిపటాలు ఎగరేయాలా అని మాణిక్యమ్మ విసుక్కునేది.

ఒక సాయంత్రం గేటు దగ్గర జెస్సీ, సాంబశివరావు గొంతు తగ్గించి మాట్లాడుకోవడం కిటికీలోంచి వినపడింది. ‘చెయ్యి తల మీదకి లేవకపోతే వాళ్లు మొదలుపెట్టరండి బాబాయిగారూ. ఇప్పటికే ఆలస్యమైంది,’ అంటోంది జెస్సీ.

ఆయన లోపలికి రాగానే నిలదీసింది. ‘ఎవరు, ఏం మొదలుపెట్టరంట?’

సాంబశివరావు కండువా తీసి కొక్కేనికి తగిలించాడు. అది జారి కింద పడింది. తీసి మళ్లీ తగిలించాడు. ‘అదీ... నువ్వు మళ్లీ గేదె పాలు పితకడం మొదలుపెట్టాలంటే చెయ్యి పూర్తిగా లేవాలంట. అప్పటిదాకా డాక్టర్లు ఒప్పుకోరంట.’

పాలు పితకడానికి చెయ్యి కిందికి పెట్టాలి గానీ పైకెత్తి పితికేవాళ్లు ఏ దేశంలో ఉన్నారు? ఇది శుద్ధ అబద్ధమని మాణిక్యమ్మ వెంటనే కనిపెట్టింది. కనిపెట్టి, పాపం ఈయనకేం తెలుసు, ఆ పిల్ల చెప్పింది నమ్మేశాడు అనుకుంది. అమాయకుడైన మొగుణ్ణి చూస్తే జాలేసింది, జెస్సీని తలుచుకుంటే ఒళ్లు మండింది.

పిట్టలవానిపాలెంలో చెల్లెలు తులశమ్మ ఇంట్లో వ్రతం వచ్చింది. మాణిక్యమ్మ వెళతానంది. సాంబశివరావు వద్దనలేకపోయాడు, వద్దనడానికి చెప్పాల్సిన కారణం ఆయన నోటికి వచ్చేది కాదు. జెస్సీ మాత్రం గట్టిగా చెప్పింది. ‘వెళ్లండి పెద్దమ్మగారూ, కానీ ఈ చేతికి ఎవరితోనూ మర్దన చేయించకండి. కాపడం కూడా వద్దండి.’

తన బేరం పోతుందని భయం, అనుకుంది మాణిక్యమ్మ.

వ్రతం మర్నాడు అక్కచెల్లెళ్లిద్దరూ ఆటో కట్టించుకుని బాపట్ల వెళ్లారు. అక్కడ రైలుగేటుకి ఇవతల వాతాల సుందరయ్య ఉన్నాడు. బెణికిన కాళ్లు, పట్టేసిన నడుములు, బిగుసుకున్న మెడలు ఆయన చేతి కింద దారికొస్తాయని ఆ చుట్టుపక్కల పేరు. ముసలాయన మాణిక్యమ్మ చెయ్యి తీసుకుని అటూ ఇటూ తిప్పి చూశాడు.

‘ఆపరేషనేమన్నా అయ్యిందా తల్లీ?’

‘చేతికి కాదు నాయనా. ఇక్కడ కొవ్వు గడ్డ తీశారు.’

‘ఉత్త కొవ్వు గడ్డేనా?’

‘ఉత్త కొవ్వు గడ్డే. మా ఆయన చెప్పారు.’

‘ఆయన చెప్పారా, డాక్టరు చెప్పాడా?’

‘ఆయన చెప్పారంటే తూకం వేసి చెప్పినట్టే,’ అంది మాణిక్యమ్మ.

సుందరయ్య నువ్వులనూనె కాచాడు. పొగలు పోతున్న నూనె చేతినిండా పోసి, మణికట్టు నుంచి భుజం దాకా రొట్టెపిండి పిసికినట్టు పిసికాడు. ఎముక కదిలింది, ఒళ్లు ఎర్రబడింది, మాణిక్యమ్మ అయ్యో అమ్మో అంది. ఆ తరవాత ఉప్పు మూటతో కాపడం పెట్టాడు. తిరుగు దారిలో ఆటోలో ఆవిడ మొహం వెలిగిపోయింది. ‘మర్దనంటే ఇదీ తులశా. ఆ రేపల్లె పిల్ల చేసేది దువ్వడం,’ అంది.

తెల్లారేసరికి చెయ్యి దుంగలా తయారైంది. మోచేతి పైన ఎర్రటి మంటలాంటి మచ్చ, భుజం దాకా పాకుతోంది. ఒళ్లు కాలిపోతోంది, పళ్లు టకటకా కొట్టుకుంటున్నాయి. తులశమ్మ భయపడి కారు పిలిపించి, తెనాలిలో ఒక ఆసుపత్రికి తీసుకొచ్చింది. సాంబశివరావు చెప్పులు కూడా లేకుండా మెట్ల మీద నిలబడి ఉన్నాడు.

మంచం మీద పడుకోబెట్టగానే కుర్ర డాక్టరు చెయ్యి చూసి, ‘ముందు ఈ గాజులు తీయండి’ అన్నాడు. తీయడానికి ఎక్కడ వీలవుతుంది? మణికట్టు రెండు పక్కలా పొంగి, ఆ రెండు మట్టిగాజులూ మాంసంలో కూరుకుపోయి ఉన్నాయి. చుట్టూ చర్మం నల్లబడింది. సబ్బు పనిచేయలేదు. నర్సు దూది చుట్టి, పట్టకారు తెచ్చింది.

‘వద్దమ్మా, ఆయన ఇక్కడే ఉన్నారు,’ అంది మాణిక్యమ్మ. జ్వరంలో కూడా ఆవిడ గొంతు స్పష్టంగా ఉంది. ‘ఆయన్ని అవతలికి పంపించు. ఆయన ముందు పగలగొట్టకు.’

ఆయన కదల్లేదు. పట్టకారు నొక్కింది నర్సు. ముందు ఒకటి విరిగింది, తరవాత రెండోది. ముక్కలు రేకు పళ్లెంలో వేస్తుంటే ఆ చప్పుడుకి మాణిక్యమ్మ కళ్లు గట్టిగా మూసుకుంది.

అప్పుడే జెస్సీ వచ్చింది. సాంబశివరావు ఫోన్ చేస్తే పొద్దుటి రైలెక్కి పరిగెత్తుకొచ్చింది. వస్తూనే, సూది పట్టుకున్న నర్సుతో, ‘ఆ చేతికి కాదండి, ఎడమ చేతికి ఇవ్వండి’ అంది. తులశమ్మ అప్పటిదాకా ఎవర్ని తిట్టాలో తెలియక ఉగ్గబట్టుకుని ఉంది.

‘ఇదిగో డాక్టరుగారూ, ఈ పిల్లే. చుక్క నూనె లేకుండా రోజూ రుద్ది రుద్ది మా అక్క చేతిని ఈ గతికి తెచ్చింది. పాపం సుందరయ్య ఒక్కపూట పట్టాడు, ఆయన్ననకూడదు.’

డాక్టరు జెస్సీ వైపు తిరిగాడు. ‘మీరు ఏం చేశారు? అసలు ఈవిడకి అయిన ఆపరేషన్ ఏంటి?’

జెస్సీ నోరు తెరిచింది. ఒక్క మాట చెబితే ఆ పిల్ల మీద పడ్డ నింద అక్కడికక్కడే రాలిపోతుంది. ఆ మాట అనలేదు. తలతిప్పి సాంబశివరావు వంక చూసింది. చూసి, నోరు మూసుకుంది.

మాణిక్యమ్మ ఆ చూపు పట్టుకుంది. ఇన్నేళ్ల అనుమానం ఊరికే పోదు. జెస్సీ కళ్లు ఎటు పోయాయో ఆవిడ కళ్లూ అటే పోయాయి. మంచం కాళ్ల దగ్గర మొగుడు నిలబడి ఉన్నాడు. కండువా కొస నోట్లో కుక్కుకుని ఉన్నాడు. చంకలో కోత, తల మీదకి లేవాల్సిన చెయ్యి, ఎవరో ఏదో మొదలుపెట్టాల్సిన సంగతి, కొక్కెం మీంచి జారిపడ్డ కండువా, అన్నీ ఒకదాని వెనక ఒకటి వచ్చి ఆ మనిషి ముందే ఆగిపోయాయి.

‘మీరంతా కాసేపు అవతల ఉండండి,’ అంది మాణిక్యమ్మ. ‘ఆయన ఉంటారు.’

ఇంజెక్షను ఇచ్చి, అందరూ బయటికి వెళ్లారు. తులశమ్మని నర్సు చెయ్యి పట్టుకుని తీసుకుపోయింది.

‘ఏవండీ. నాకు తీసింది కొవ్వు గడ్డేనా?’

సాంబశివరావు అవును అనబోయాడు. సగం అక్షరం వచ్చింది, మిగతాది రాలేదు. ముసలాయన మంచం పట్టె మీద తల ఆనించి, చప్పుడు లేకుండా ఏడ్చాడు. పెళ్లయ్యాక ఆయన ఏడవడం ఆవిడ చూడలేదు.

‘క్యాన్సరా?’ అంది మాణిక్యమ్మ.

ఆయన తలూపాడు.

‘చెయ్యి లేస్తే మొదలుపెట్టేది కరెంటు పెట్టడమా?’

మళ్లీ తలూపాడు. ఆ వైపు ఊళ్లలో రేడియేషన్‌ని కరెంటు పెట్టడమనే అంటారు, అది ఏ జబ్బుకో పిల్లలకి కూడా తెలుసు. ‘చెయ్యి తల మీదకి పెట్టుకుని మిషను కింద పడుకోవాలంట. దానికి ఏం అబద్ధం చెప్పాలో నాకు దొరకలేదు మాణిక్యం. ఆ అమ్మాయి రోజూ చెప్పమంది. నేనే చేతులు పట్టుకుని బతిమాలాను, నోరు విప్పద్దని. నీకు తెలిస్తే నువ్వు బెంగతో పోతావేమోనని భయమేసింది.’

మాణిక్యమ్మకి కోపం వచ్చింది. జబ్బు మీద కాదు, దానికి ఇంకా వంతు రాలేదు. ఒళ్లు తనది, కోసింది తనని, మోస్తోంది తను. గుంటూరు డాక్టర్లకి తెలుసు, రేపల్లె నుంచి వచ్చే పరాయి పిల్లకి తెలుసు, తనకి మాత్రం తెలియకూడదా?

‘సుందరయ్య అడిగాడండీ,’ అంది. ‘ఉత్త కొవ్వు గడ్డేనా అన్నాడు, డాక్టరు చెప్పాడా అని కూడా అడిగాడు. మీరు చెప్పారన్నాను. నాకు తెలిసుంటే ఆ నూనె కింద చెయ్యి పెట్టేదాన్నా?’

ఆయన పళ్లెంలో గాజు ముక్కల వంక చూస్తున్నాడు. ‘ఇవి తీసేశావనుకున్నాను,’ అన్నాడు చివరికి. ‘జెస్సీ మొదటి రోజే చెప్పిందిగా.’

‘తీశాను. మళ్లీ వేసుకున్నాను. రోజూ వేసుకున్నాను,’ అంది మాణిక్యమ్మ. ‘మీకేమన్నా అవుతుందేమోనని.’

నర్సు తలుపు తోసి చూసి, మళ్లీ మూసేసింది.

జ్వరం దిగడానికి రోజులు పట్టింది. చెయ్యి దక్కిందని డాక్టరు చెప్పాడు. పూర్తిగా పాత చెయ్యి కాదని కూడా చెప్పాడు. వాపు మళ్లీ మళ్లీ వస్తూనే ఉంటుంది, రోజూ ఇంట్లో ఎవరో ఒకరు మెత్తగా మర్దన చేసి ఆ నీటిని మళ్లిస్తూనే ఉండాలి. ఎర్రదనం అంతా పోయాక జెస్సీ మళ్లీ అంగలకుదురు వచ్చింది. మాణిక్యమ్మ ఆ పిల్లని క్షమాపణ అడగలేదు, అది ఆవిడ స్వభావంలో లేదు. పాకెట్ పాలు కాకుండా, ఊరవతల నుంచి తెప్పించి, స్వయంగా గోటి మీద బొట్టు నిలబెట్టి చూసిన పాలతో కాఫీ పెట్టించి ఇచ్చింది.

‘ఈయనకి నేర్పించమ్మాయ్,’ అంది. ‘రోజూ చేసేది ఈయనే.’

సాంబశివరావు మంచం అంచున కూర్చున్నాడు. జెస్సీ చూపించింది, ముందు మెడ, తరవాత ఎడమ చంక, తరవాత అటునుంచి ఇటు. ఆయన భయంతో గట్టిగా నొక్కేశాడు.

‘అట్లా కాదండీ,’ అంది మాణిక్యమ్మ. ‘గేదె చేపాలంటే పొదుగు పిసుకుతామా? నిమురుతాం. నిమిరితేనే దిగుతుంది.’

అనేశాక ఆవిడే ఆగిపోయింది. ఇన్నాళ్లూ జెస్సీ చేసింది అదే కదా. పెరట్లో రోజూ తను చేసే పనే తన ఒంటి మీద జరుగుతుంటే, నూనె ఏదని అడుగుతూ పడుకుంది. జెస్సీ వైపు చూసింది. ఆ పిల్ల తల వంచుకుని కట్టుబట్ట చుడుతోంది, నవ్వు దాచుకుంటోంది.

సాంబశివరావు మళ్లీ మొదలుపెట్టాడు. ఈసారి చెయ్యి తేలికైంది. మాణిక్యమ్మ కుడి చెయ్యి బోసిగా ఆయన ఒళ్లో ఉంది. గాజులు ఇప్పుడు ఎడమ చేతికే ఉన్నాయి. మర్దన అయ్యాక జెస్సీ ఎత్తమంటే ఎత్తింది. చెవి దాటింది, నుదురు దాటింది, అక్కడ నొప్పి పట్టింది. పళ్లబిగువున ఇంకొంచెం ఎత్తింది.

‘కరెంటు పెట్టడానికి ఎప్పుడు రమ్మన్నారండీ?’

‘వచ్చే సోమవారం,’ అన్నాడు సాంబశివరావు. ‘చెయ్యి ఈ మాత్రం లేస్తే చాలన్నారు. జబ్బు ఇంకెక్కడికీ పాకలేదన్నారు.’

మాణిక్యమ్మ మొగుడి మొహం వంక కాసేపు చూసింది. ఆ తరవాత జెస్సీ వైపు తిరిగింది.

‘నిజమేనా అమ్మాయ్?’

జెస్సీ ముందు ఆయన వంక చూడబోయి, మానుకుంది. ఆవిడ కళ్లలోకే చూసింది. ‘నిజమేనండి పెద్దమ్మగారూ.’

కాటా గుమాస్తా మాటకి ఆ ఇంట్లో సాక్ష్యం అడగడం అదే మొదలు. సాంబశివరావు కండువాతో చేతులు తుడుచుకుని, మెడ దగ్గర నుంచి మళ్లీ మొదలుపెట్టాడు.